కుడి అంచు పైకి

అక్టోబర్ 9, మధ్యాహ్నం

మా బొమ్మల కథ ముగించేయమన్నారు.

ఫోన్ చేసింది ఎడిటర్ వకుయ్ గారు, టోక్యో నుంచి. పాఠకులు పంపే పోస్టుకార్డుల్లో మాకు ఓట్లు పడిపోయాయట. మాసపత్రికలో పద్దెనిమిది కథలుంటే మాది పదహారోది. ఇంకో నాలుగు భాగాల్లో ఆపేయాలట. మా సెన్సే, అంటే గురువుగారి, మణికట్టు నొప్పికని ముందే అనుకున్న ఒక నెల సెలవు మాత్రం అలాగే ఉంచుతారట. ఎంత దయో.

హిరూమా సెన్సే ఫోన్ పెట్టేసి కతాయాకి డబ్బా తీశారు. ఈ ఇగా ఊరి వాళ్ళకి ఏడుపొచ్చినా సంతోషమొచ్చినా ఆ బిస్కెట్టే. రాయిలా ఉంటుంది. ఒకదాన్ని ఇంకోదానితో కొట్టి పగలగొట్టుకోవాలి. అరవై రెండేళ్ళ మనిషి, చేతికి పట్టీ వేసుకుని, టక్ టక్ మని కొడుతూ, నాలుగు భాగాలంటే చాలులే, పెళ్ళి చేసేయొచ్చు అన్నారు. విరిగినదాంట్లో పెద్ద ముక్క నాకిచ్చారు.

పెళ్ళి మిసాగోకీ కుమహాచికీ. తొమ్మిదేళ్ళుగా సెన్సే గీస్తున్న «మిసాగో గురి తప్పింది» కథంతా వాళ్ళిద్దరే. ఐదువందల ఏళ్ళ కిందటి ఇగా కొండలు. కుమహాచిని చంపి రమ్మని మిసాగోని ఆమె నింజా దళం పంపుతుంది. వాడూ నింజానే. కానీ ఎలుగుబంటంత మనిషి. ఎక్కడ నక్కినా కనపడిపోతాడు, మనసులో ఏమున్నా మొహం మీదికొచ్చేస్తుంది. ఈమె విషం పట్టుకుని వెళ్తుంది. ముందు అన్నం తిను, తర్వాత చంపుదువుగాని అంటాడు వాడు. ఈమె తింటుంది. ఇప్పటికి నూట ఏడుసార్లు తప్పింది.

వాళ్ళ పెళ్ళి తన చేత్తో గీయాలన్నది సెన్సేకి ఉన్న ఒకే ఒక్క కోరిక. తొమ్మిదేళ్ళుగా పాఠకులకి మాటిస్తూ వచ్చారు.

నేనిక్కడికి అసిస్టెంట్‌గా మూడు వారాలకని వచ్చాను. పధ్నాలుగు నెలలైంది. క్యోటోలో చరిత్ర డిగ్రీ, తర్వాత మూడు ఉద్యోగాలు మానేయడం, నాలుగోది ఇది. సూట్‌కేస్ ఇంకా సగమే విప్పాను.

అక్టోబర్ 17

ఫైళ్ళు పంపేశాం.

సెన్సే కాగితం మీద కలంతో గీస్తారు. నేను స్కాన్ చేసి కొండలు, చెట్లు, ఇంటికప్పులు, నీడలు నింపుతాను. గీసింది సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పి చూడాలి. కుడి ఎడమైతే చాలు, ఇందాకటిదాకా కనపడని వంకర ఇట్టే దొరికిపోతుంది. అందుకు కీబోర్డు మీద ఒక మీట ఉంది. రోజుకి రెండువందలసార్లు నొక్కుతాను.

ఇరవై నాలుగో పేజీ మొత్తం ఒకటే బొమ్మ. మంచులో కుమహాచి గుమ్మం ముందు మిసాగో. దారిలో ఎవరి కంటా పడకూడదని తెల్ల కిమోనో వేసుకొచ్చింది. ఇవాళ విషం తేలేదు అంటుంది. అంతే. ఆ ఒక్క ముక్క అనడానికి ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు పట్టింది, ఆ పేజీకి సెన్సేకి ఆరు రోజులు. నేను మంచు రాలుస్తూ రాలుస్తూ కళ్ళు తుడుచుకున్నాను. ఎవరూ చూడలేదనుకుంటా.

అక్టోబర్ 23

ఒసాకాలో ఇంటర్వ్యూ ముప్ఫైన. వీడియో గేముల కంపెనీ. సెన్సేకి పళ్ళ డాక్టర్ దగ్గరికని చెప్పాను. పదకొండింటికి ప్రూఫ్‌రీడర్ ఎవరో ఫోన్ చేశారు. సరే అన్నాను. టికెట్ కిటికీ పక్కన దొరికింది.

నవంబర్ 5, ఉదయం పది

కొత్త సంచిక ముందుగా మాకొక కాపీ పంపుతారు. ఇవాళొచ్చింది. నేనే కవరు చింపాను. ఇరవై నాలుగో పేజీ తెరిచాను.

మిసాగో కిమోనో కుడి అంచు పైకుంది.

కిమోనో రెండు అంచులూ ముందు ఒకదాని మీద ఒకటి వేసి కడతారు. బతికున్న మనిషి కిమోనో వేసుకుంటే ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వేసేది శవానికి. తెల్ల బట్ట కట్టి, కుడి అంచు పైకి వేసి పెట్టెలో పడుకోబెడతారు. ఎండాకాలం జాతరకి మొదటిసారి కిమోనో వేసుకున్నప్పుడే ప్రతి పిల్లకీ అమ్మ చేతి మీద ఒకటిచ్చి నేర్పే సంగతి. నాకూ అలాగే నేర్పింది. చరిత్ర డిగ్రీ కూడా ఉంది.

తిప్పి చూశాను. మంచు రాల్చాను. మళ్ళీ తిప్పలేదు. మాటలు టోక్యోలో ఆఖర్న అచ్చులో పెడతారు కాబట్టి తిరగబడ్డ అక్షరాలు కనపడి నన్ను కాపాడే అవకాశమూ లేదు.

తొమ్మిదేళ్ళు ఎదురుచూసి ప్రేమ చెప్పడానికొచ్చిన పిల్లకి శవం బట్టలు తొడిగాను.

అదే రోజు, మధ్యాహ్నం

ఇప్పుడు గుర్తొచ్చింది. ఇరవై మూడున వచ్చిన ఫోన్. చాలా మర్యాదైన గొంతు. ఒక్కో మాటా కింద పెడితే పగులుతుందేమో అన్నట్టు మాట్లాడాడు.

"ఉసుయ్ గారూ, నన్ను సెనో అంటారు. ఇరవై నాలుగో పేజీలో కిమోనో అంచు గురించి ఒక చిన్న సందేహం. కావాలనే అలా గీశారా అని."

నేను కంప్యూటర్లో ఒసాకా రైలుకి సీటు వెతుకుతున్నాను. "అలాగే ఉంచండి" అన్నాను.

అతను అడిగాడు. స్పష్టంగా, సమయానికి, సరైన పేజీ గురించి అడిగాడు. నేనే వినలేదు, అంతే. మీట మర్చిపోవడం చేతి పొరపాటు. ఇది కాదు.

సెన్సే పత్రిక తీసుకుని, భూతద్దం పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూశారు. మంచు బాగా రాల్చావు చినామీ అన్నారు. అలమారలో పెట్టేశారు. నేను నోరు తెరిచి టీ పెట్టనా అని అడిగాను.

నవంబర్ 6

పత్రిక అమ్మకానికొచ్చిన గంటకే నెట్‌లో మొదలైంది. సగం మంది అసిస్టెంట్‌ని పీకేయమంటున్నారు. మిగతా సగం మిసాగో చచ్చిపోయింది, వచ్చింది దెయ్యం అంటున్నారు. ఒకాయన పాత భాగాలన్నీ ముందేసుకుని, ఆమె ఎప్పుడు చనిపోయి ఉంటుందో పట్టిక వేశాడు. యాభై మూడో భాగంలోనట, పుట్టగొడుగుల పులుసు తిన్న రోజు.

నవంబర్ 7

ఒసాకా వాళ్ళు తీసుకున్నారు. జనవరి నుంచి రమ్మన్నారు. అన్నం సహించలేదు.

నవంబర్ 12

వకుయ్ గారు రెండు రైళ్ళు మారి, క్రీమ్ కేకు పట్టుకుని వచ్చారు. ఎడిటర్లు కేకు తెచ్చారంటే పెద్ద మాటే ఏదో ఉంటుంది.

పోస్టుకార్డులు మూడింతలయ్యాయట. పదహారో స్థానం నుంచి ఐదుకొచ్చామట. ఆయన సెన్సే వైపు చూసి, ఎంత పకడ్బందీగా వేశారండీ అన్నారు. ప్రూఫ్‌రీడర్ని పిలిచి అడిగారట. స్టూడియోకి ఫోన్ చేసి అడిగాను, అలాగే ఉంచమన్నారు, ఎవరు ఎత్తారో గుర్తులేదు అన్నాడట. కాబట్టి ఇది సెన్సే ఆలోచనే అని ఆయన నిర్ణయించేసుకున్నారు.

సెన్సే టీ పోశారు. అవుననలేదు, కాదనలేదు. నేను కేకులోకి తల దూర్చేద్దామనుకున్నాను.

ఇక అసలు మాట. మిసాగోని దెయ్యం చేసేయండి, ఇంకో ఏడాది నడుపుదాం అన్నారు వకుయ్ గారు. డిసెంబర్ మూడుకల్లా చెప్పాలట. ఒప్పుకోకపోతే మిగిలిన మూడు భాగాలతో సరి.

ఆయన వెళ్ళాక సెన్సే కేకు పెట్టె మడతపెడుతూ, "అయితే ఆ పిచ్చి కుమహాచి నూట ఎనిమిదిసార్లు దెయ్యానికి వడ్డించాడన్నమాట" అన్నారు. నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నవంబర్ 15

సెనో గారికి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తింది నేనేనని మీకు గుర్తులేదా అని అడిగాను.

పేరు కూడా రాసుకున్నానండీ, నా పుస్తకంలో ఉంది అన్నాడు. మరి వకుయ్ గారికెందుకు చెప్పలేదంటే, ఆయన అడిగింది ఎవరెత్తారని, అడగాల్సింది నేను మళ్ళీ ఎందుకడగలేదని అన్నాడు. అనుమానం తీరనప్పుడు రెండోసారి అడగాలట. అది ప్రూఫ్‌రీడర్ పనట. మీ గొంతు హడావిడిగా ఉంది, మొహమాటపడ్డాను, తప్పు సగం నాది అన్నాడు.

సగం తప్పు అడగకుండానే మోస్తానన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. చూడలేదు కూడా. గొంతు విన్నానంతే. ఈసారి విన్నాను.

నవంబర్ 19

సెన్సే దెయ్యం కథకి మూడు చిత్తులు వేసి మూడూ చించేశారు. బుట్టలోంచి ఒక ముక్క తీసి చూశాను. కుమహాచి ఒంటరిగా ఇద్దరికి అన్నం వడ్డిస్తున్నాడు. దాన్ని మడిచి ఈ డైరీలో పెట్టుకున్నాను.

నవంబర్ 27

టోక్యో నుంచి పోస్టుకార్డుల కట్ట వచ్చింది. నేనే చదివి వేరుచేయాలి. దెయ్యం, దెయ్యం, అసిస్టెంట్ గుడ్డిదా, దెయ్యం. దానికి జవాబు మనసులో ఇచ్చుకుంటూ పోయాను. గుడ్డిది కాదు, చెవిటిది.

అడుగున ఒకటి, సిరాతో, పెద్ద పెద్ద అక్షరాలతో. కుదో ఫుకి, ఎనభై ఒక్కేళ్ళు, అకితాలో యొకొతె ఊరు. మనవరాలు చదివి వదిలేసిన పత్రికలు చదువుతుందట. అలాగే దించుతున్నాను:

"ముప్ఫై ఏళ్ళు మా ఊళ్ళో చనిపోయిన వాళ్ళకి బట్టలు కట్టినదాన్ని తల్లీ. శవానికి నడుం తాడు ముడి నిలువుగా వేస్తాం, మళ్ళీ విప్పే పని ఉండదు కాబట్టి. ఈ పిల్లకి ముడి అడ్డంగా ఉంది. బతికున్న వాళ్ళ ముడి. ఇంకొకరు కట్టిన కట్టూ కాదిది, తనే తొందరలో కట్టుకుంది. పిల్ల బతికే ఉంది. ఏదో నాటకమాడుతోంది. ఆ కుమహాచిని ఎక్కువ ఏడిపించవద్దని పిల్లకి చెప్పండి."

పేజీ తీసి చూశాను. ముడి అడ్డంగానే ఉంది. కుడి ఎడమ తిప్పినా అడ్డం అడ్డమే.

కార్డు పట్టుకుని రెండు చేతులతో దణ్ణం పెట్టాను. పెట్టాక సిగ్గేసింది. మళ్ళీ పెట్టాను.

డిసెంబర్ 1

చెప్పేశాను.

పొద్దున్నే సెన్సే కలాలు కడుగుతుంటే ఎదురుగా కూర్చుని, మీట సంగతి, ఫోన్ సంగతి, ఒసాకా సంగతి, పళ్ళ డాక్టర్ సంగతి, ఒక్క ఊపిరిలో అన్నీ చెప్పేశాను. నా పళ్ళు బాగానే ఉన్నాయని కూడా చెప్పాను, ఎందుకో.

సెన్సే కలం తుడుచుకుంటూనే ఉన్నారు.

"కాపీ వచ్చిన రోజే చూశాను" అన్నారు. "భూతద్దం ఎందుకు పెట్టుకుంటాననుకున్నావు?"

మరి నన్నెందుకు అడగలేదన్నాను.

"అడిగితే జవాబు చెబుతావు. చెప్పాలని నీకే అనిపించడం వేరు." వేళ్ళ మీద లెక్కపెట్టారు. "ఇరవై ఆరు రోజులు. మిసాగోకి తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ లెక్కన నువ్వు నయం."

ఏడ్చాను. ఈసారి చూశారు. మొదటిసారి మంచు రాలుస్తున్నప్పుడు కూడా చూశారట. ఆ కళ్ళు తుడుచుకోవడంలోనే మీట మర్చిపోయావు, నా పేజీ చూసి ఏడ్చి తప్పు చేసినదాన్ని ఏమని తిట్టను అన్నారు. ఫోన్ విషయం మాత్రం వేరు, ఇంకెప్పుడూ అలా చేయకు అన్నారు. ఆ ఒక్క మాట గట్టిగా అన్నారు. హాయిగా అనిపించింది.

అప్పుడు ఫుకి గారి కార్డు ఇచ్చాను. నాలుగు రోజులుగా నా బుర్రలో తిరుగుతున్నది కూడా చెప్పాను. దళం వదిలి పారిపోయిన నింజాని దళం వదలదు, ఎక్కడున్నా వెతికి చంపుతుంది. కానీ చనిపోయిన వాళ్ళని ఎవరూ వెతకరు. పెళ్ళి చేసుకుని బతకాలంటే మిసాగో ముందు చచ్చిపోవాలి. కాబట్టి కావాలనే, తన చేత్తోనే, కుడి అంచు పైకి వేసుకుని వచ్చింది. అన్నీ చూసుకుంది, ముడి ఒక్కటీ మర్చిపోయింది. ఎందుకంటే ఆమె మిసాగో. ఎప్పుడూ ఏదో ఒకటి తప్పుతుంది.

సెన్సే చాలాసేపు కార్డునే చూశారు. తర్వాత కొత్త కాగితం లాగి, మణికట్టు పట్టీ విప్పి పక్కన పడేశారు. విప్పకండి అన్నాను. నువ్వు ఊరుకో అన్నారు.

మధ్యాహ్నం ఒసాకాకి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. కారణం అడిగారు. పెళ్ళి పనులున్నాయన్నాను.

డిసెంబర్ 3

దెయ్యం లేదు, ముడి అడ్డంగా ఉంది కాబట్టి పిల్ల బతికే ఉంది, మూడు భాగాలు చాలు, అనుకున్నట్టే పెళ్ళితో ముగిస్తాం అని సెన్సే వకుయ్ గారికి చెప్పేశారు. ఆయన మాత్రం, ఏడాది వదులుకుంటున్నారు సెన్సే, ఆలోచించండి అని మూడుసార్లు అన్నారట. ఆ తప్పు తన స్టూడియోలో జరిగిందే, పన్నాగం కాదు అని కూడా సెన్సే చెప్పారు. నా పేరు చెప్పలేదు. నేను ఫోన్ లాక్కుని చెప్పాను. వకుయ్ గారు నిట్టూర్చి, ఆ ముడి ఆలోచన మాత్రం బాగుంది, ఎవరిది అని అడిగారు. అకితా ఆవిడది అన్నాను.

ఫిబ్రవరి 16

చివరి పేజీ అయిపోయింది.

రెండు నెలలు డైరీ రాయలేదు. రాయడానికి చెయ్యి మిగల్లేదు.

మిసాగో పెట్టెలో పడుకుంది. ఆమె దళం వాళ్ళు శవాన్ని చూసి ఖాయం చేసుకోవడానికొచ్చారు. కుమహాచి పక్కనే కూర్చుని ఎలుగుబంటిలా ఏడుస్తున్నాడు. ఏడుస్తూ ఏడుస్తూ ఆమె నడుం దగ్గరి ముడి చూస్తాడు. అడ్డంగా ఉంది. ఇంతకాలం ఏ ఒక్కటీ దాచలేని మనిషికి ఇప్పుడు సంతోషం దాచాల్సొచ్చింది. ఆ మొహం గీయడానికి సెన్సే పదకొండుసార్లు ప్రయత్నించారు. వాడు తన పెద్ద చెయ్యి ఆ ముడి మీద కప్పి, ఇంకా గట్టిగా ఏడుస్తాడు. దళం వాళ్ళు నమ్మి వెళ్ళిపోతారు. అప్పుడు పెట్టెలోంచి, ఆకలేస్తోంది అని వినపడుతుంది.

పెళ్ళి ఎనిమిది పేజీలు. మిసాగో కిమోనో ఎడమ అంచు పైకి. నేను చూశాను, సెన్సే చూశారు, మళ్ళీ నేను చూశాను.

ఫిబ్రవరి 24

ప్రూఫులు వచ్చాయి. ఈసారి ఫోన్ రాలేదు. సెనో గారి పెన్సిల్ గుర్తులు నాలుగు, అన్నీ మాటల్లోనే. పెళ్ళి పేజీ అంచున మాత్రం, తర్వాత చెరిపేయడానికి వీలుగా సన్నగా:

"ఎడమ అంచు పైకి. ముడి అడ్డం. రెండుసార్లు చూశాను. సందేహం లేదు."

చెరపలేదు. ఆ పేజీకి వేరే ప్రింటు తీసి పంపాను. అసలుది సూట్‌కేసులో దాచాను. దాచాలంటే మిగతా బట్టలన్నీ బయటికి తీయాల్సొచ్చింది. తీసినవి అలమారలో సర్దేశాను.

మార్చి 6

ఆఖరి పేజీ కింద, ఎప్పుడూ సెన్సే పేరొక్కటే ఉండే చోట, ఇవాళ అచ్చులో మూడు పేర్లున్నాయి. నాకు చెప్పకుండా చేయించారు. గీసింది హిరూమా. మంచు, కుట్ర ఉసుయ్ చినామి. ముడి కుదో ఫుకి.

అమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఈ ఉద్యోగమైనా ఉంచుకుంటావా అంది. చిన్నప్పుడు జాతరలో చేతి మీద ఒకటిచ్చినందుకు థాంక్స్ అన్నాను. ఒంట్లో బాగుందా అని అడిగింది.

యొకొతెకి ఒక డబ్బా కతాయాకి పంపాం. ఎనభై ఒక్కేళ్ళ పళ్ళతో ఎలా తింటారు అన్నాను. పంపాకే గుర్తొచ్చింది ఇద్దరికీ.

మార్చి 19

యొకొతె నుంచి కార్డు. టీలో నానబెట్టుకుని తింటోందట. పెళ్ళి బాగా జరిపించారు, నా చేత్తో కట్టినవాళ్ళలో లేచి కూర్చున్నది ఈ పిల్లొక్కతే అని రాసింది. సెన్సే ఆ కార్డు బల్లకి ఎదురుగా అతికించారు. పక్కనే కొత్త కథకి ఖాళీ కాగితాలు. రెండు కుర్చీలు దగ్గరికి జరిపి ఉన్నాయి.

సెనో గారి ఉత్తరం వచ్చింది. తొమ్మిదేళ్ళుగా ఇగా కొండల్లో అక్షరాలు చూస్తున్నానండీ, కొండల్ని ఎప్పుడూ చూడలేదు అని. ఏప్రిల్‌లో నింజా పండగ ఉంది, రమ్మని రాశాను. రెండుసార్లు చదువుకుని పోస్ట్ చేశాను.

ఏప్రిల్ 12, ఉదయం 11

పండక్కి ఊరంతా నింజా బట్టల్లోనే. స్టేషన్ బయట సెనో, అద్దెకి తీసుకున్న నల్ల బట్టలు వేసుకుని నిలబడ్డాడు. పొడుగ్గా, కళ్ళజోడుతో. కుడి అంచు పైకి.

పేజీల్లో అంచులు చూసి బతికే మనిషి.

పొరపాటా, కావాలనా అని అడిగాను. లేని పెన్సిల్‌తో గాల్లో ఒక ప్రశ్నార్థకం గీశాడు.

దగ్గరికెళ్ళి ముడి విప్పి, అంచు మార్చి, మళ్ళీ కట్టాను. అడ్డంగా.